మై డీమన్: సగం దాకా వదల్లేకపోయాం, తర్వాత చూడలేకపోయాం. తప్పు ఎవరిది?

కృష్ణాతీరం

చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా విప్పి మాట్లాడాలి.

మై డీమన్ అనే కొరియన్ సీరియల్ 2023 నవంబర్ 24న కొరియాలో ఎస్‌బీఎస్ చానెల్లో మొదలై 2024 జనవరి 20న అయిపోయింది. 16 ఎపిసోడ్లు. మనం నెట్‌ఫ్లిక్స్‌లో చూశాం. మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు: జంగ్ గూ వోన్ (సాంగ్ కాంగ్) రెండు వందల ఏళ్ళుగా బతుకుతున్న దయ్యం. దిక్కుతోచని మనుషుల దగ్గరికి వచ్చి కోరిక తీరుస్తాడు, పదేళ్ళ తర్వాత వాళ్ళ ఆత్మను నరకానికి పట్టుకుపోతాడు. దో దో హీ (కిమ్ యూ జంగ్) ఎవర్నీ నమ్మని కంపెనీ సీఈఓ. సముద్రంలో మునిగిపోతున్న ఆమెను కాపాడబోతే అతని మణికట్టు మీదున్న శిలువ పచ్చబొట్టు ఆమె చేతికి వెళ్ళిపోతుంది. ఇక ఆమె చెయ్యి పట్టుకుంటే తప్ప అతని శక్తి పనిచేయదు. ఎక్కువ కాలం అలాగే ఉంటే ఒళ్ళంతా మంటలు రేగి కాలిపోతాడు.

రొమాంటిక్ కామెడీకి ఇంతకన్నా ఏం కావాలి? తనంత గొప్పవాడు లేడనుకునే దయ్యం, ముట్టుకుంటే చిరాకు పడే అమ్మాయి, ఇద్దరూ చేతులు పట్టుకుని తిరగక తప్పదు. సందులో రౌడీలు చుట్టుముడితే చెయ్యి వదలకుండా టాంగో ఆడుతూ కొట్టే సీన్ ఉంది కదా, అది ఎవరో ఎడిటింగ్‌లో అతికించిన స్టయిల్ కాదు. ఆ నియమం లేకపోతే ఆ సీనే పుట్టదు. చెయ్యి వదిలితే శక్తి పోతుంది కాబట్టే అది డాన్స్ అయింది.

నా గొడవ ఏంటంటే, రాసినవాళ్ళు తమ చేతిలో ఉన్న ఈ ఒక్క మంచి సరుకునీ సగం దారిలో పారేశారు. పెళ్ళయ్యాక ఆ చెయ్యి పట్టుకోవడానికి అర్థం మారాలి. అవసరం కోసం పట్టుకున్న చెయ్యి ఇష్టంతో పట్టుకోవడం ఎప్పుడైంది? అది చూపించాల్సిన చోట మనకి బోర్డ్ మీటింగులు చూపించారు. చివరి భాగంలో పచ్చబొట్టు అతని దగ్గరికి తిరిగొచ్చాక ఈ కథ ఇంకే సీరియల్ అయినా కావచ్చు. నటుల తప్పు కాదు, బడ్జెట్ తప్పు కాదు, రాత తప్పు. కాదనేవాళ్ళు రండి.

రాత్రి_రెండింటికి

వచ్చాను. కాదంటాను.

అండీ, మీరు లవ్ స్టోరీకి లాజిక్ పరీక్ష పెడుతున్నారు. ఈ సీరియల్‌ని నేను ఆ ఇద్దరి కోసం చూశాను, ప్రపంచంలో చాలామంది అందుకే చూశారు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ కాని సిరీస్‌ల టాప్ 10లో వారాల తరబడి ఉంది. 2023 ఎస్‌బీఎస్ డ్రామా అవార్డుల్లో బెస్ట్ కపుల్ వీళ్ళిద్దరే, అదీ సీరియల్ ఇంకా నడుస్తుండగానే. ఫెయిల్యూర్ అని మీరు అంటున్నదానికి ఎంతోమంది మురిసిపోయారు. పెళ్ళి తర్వాత వంటింట్లో, మెట్ల మీద వాళ్ళు చూసుకునే చూపులు మీకు బోర్డ్ మీటింగుల్లా కనిపించాయా?

సెకండ్ హాఫ్ నెమ్మదించింది, ఒప్పుకుంటా. ఏ కొరియన్ డ్రామా నెమ్మదించలేదు చెప్పండి.

ఓరుగల్లు_వసంత

చెల్లీ, "ఏ డ్రామా నెమ్మదించలేదు" అనేది సర్దుబాటు, సమాధానం కాదు.

అసలు ముద్దాయిని ఎవరూ పట్టుకోవట్లేదు. మిరే గ్రూప్ వారసత్వం ట్రాక్! దో హీని పెంచిన ఛైర్మన్ జూ చన్ సుక్ మొదట్లోనే చనిపోతుంది. ఏడాదిలోగా పెళ్ళి చేసుకుంటే ఛైర్మన్ కుర్చీ దో హీదే అని వీలునామా. ఇంతవరకు బాగుంది, కాంట్రాక్ట్ పెళ్ళికి సాకు దొరికింది. సాకు దొరికాక దాన్ని పక్కన పెట్టాలా వద్దా? వీళ్ళు పెట్టలేదు. ఛైర్మన్ పెద్ద కొడుకు నో సుక్ మిన్ హంతకుడు, అబ్రాక్సాస్ అని రహస్య పేరు, కిరాయి కిల్లర్, ఇంట్లో పెళ్ళాంబిడ్డల్ని హింసించడం... అతను తన కొడుకు దో గ్యాంగ్‌ని కొట్టే సీన్లు చూసి నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. అది క్రైమ్ సీరియల్ సరుకు. నిమిషం కిందట దయ్యం స్టయిల్‌గా కోటు సర్దుకుంటున్నాడని నవ్వినవాళ్ళం నిమిషం తర్వాత కన్నకొడుకుని కొట్టడం ఎలా చూస్తాం?

ఇంకో సంగతి. దయ్యం ఉన్న కథలో విలన్ మామూలు మనిషి. పచ్చబొట్టు ఉన్న రోజున వేలు చిటికేస్తే అయిపోయే విలన్. అందుకని అతన్ని ఆపకుండా ఉండటానికి ప్రతిసారీ ఏదో వంక వెతకాల్సి వచ్చింది. కృష్ణాతీరం గారు నియమం పారేశారంటున్నారు, నేనంటాను ఈ విలన్ కోసమే నియమాన్ని సాగదీసి సాగదీసి తెంపేశారని.

కృష్ణాతీరం

వసంత గారూ, మీ రెండో పేరా నాకు బాగా నచ్చింది. దయ్యానికి సరిజోడు శత్రువు దేవుడు అవ్వాలి. ఆ దేవుడు ఈ సీరియల్లోనే ఉంది! చింపిరి బట్టలతో రోడ్ల మీద తిరుగుతూ, దయ్యంతో జూదమాడుతూ, ఎగతాళి చేస్తూ కనిపించే ఆవిడ (చా చంగ్ హ్వా). ఆవిడ తెర మీద ఉన్న ప్రతి నిమిషమూ సీరియల్ బతికింది. ఆ ఇద్దరి పోట్లాటనే కథ చేసి ఉంటే వారసత్వం గోల అక్కర్లేదు.

ఫ్రిస్కో_బాబాయ్

నేను రాతని అననండీ. నిడివిని అంటాను.

అదే 2023 నవంబర్ 24న, అదే శుక్ర, శనివారాల్లో ఎంబీసీ చానెల్లో ఇంకో సీరియల్ మొదలైంది: స్టోరీ ఆఫ్ పార్క్స్ మ్యారేజ్ కాంట్రాక్ట్. అందులోనూ మాయ ఉంది, జోసన్ కాలం (పాత కొరియా రాజుల కాలం) అమ్మాయి ఈ కాలానికి వచ్చి పడుతుంది. అందులోనూ కాంట్రాక్ట్ పెళ్ళే. హీరోయిన్ లీ సే యంగ్. 12 ఎపిసోడ్లు, జనవరి 6కల్లా దుకాణం కట్టేశారు. కొరియాలో రేటింగ్ 9 శాతం దాటింది. మన మై డీమన్ 5 శాతం ముట్టుకోలేదు. ఒకే రోజు, ఒకే రకం కథ. తేడా ఎక్కడొచ్చింది? నాలుగు ఎపిసోడ్ల దగ్గర. ఒక్కోటి గంట పైన. నాలుగు గంటల కథ లేనప్పుడు నాలుగు గంటలు నింపాలంటే బోర్డ్ మీటింగే దిక్కు.

మా ఇంట్లో మా ఆవిడ, నేను వారం వారం చూశాం. చివరి నాలుగూ ఆవిడ ఒక్కతే చూసి నాకు కథ చెప్పింది. చెప్పడానికి పెద్ద టైమ్ పట్టలేదు.

రాత్రి_రెండింటికి

బాబాయ్, ఆ 5 శాతం టీవీ లెక్క. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళ లెక్క. ఈ సీరియల్ చూసే వయసువాళ్ళు ఫోన్‌లో చూస్తారు, అది ఆ లెక్కలోకి రాదు. విదేశాల్లో చూసినవాళ్ళు అసలే రారు. మీరు అమెరికాలో ఫ్రిస్కోలో కూర్చుని చూశారు, మీది ఆ 5లో ఉందా?

ఫ్రిస్కో_బాబాయ్

లేదమ్మా. కానీ అదే ఎస్‌బీఎస్‌లో, అదే శుక్ర, శనివారాల్లో, అదే 2023లో టాక్సీ డ్రైవర్ రెండో సీజన్ 20 శాతం దాటింది. అప్పుడు ఫోన్లు లేవా? కొరియాలో జనం ఆ టైముకి టీవీ పెట్టే అలవాటు అప్పటికింకా పోలేదు. పెట్టాలనిపించాలి అంతే.

రాత్రి_రెండింటికి

టాక్సీ డ్రైవర్ పగ తీర్చుకునే కథ, ఇంటిల్లిపాదీ చూస్తారు. పోలిక కుదరదు.

సబ్‌టైటిల్_సుబ్బు

ఇద్దరూ రేటింగ్ దగ్గరే ఉండిపోతారేమో అని భయంగా ఉంది. రేటింగ్ తక్కువైనా మంచి సీరియల్స్ ఉన్నాయి, ఎక్కువైనా చెత్త ఉంది. కథ దగ్గరికి రండి.

నిడివి వాదన నాకు ఎక్కలేదు. గోబ్లిన్ అనే కొరియన్ సీరియల్ కూడా 16 ఎపిసోడ్లే. 2016 డిసెంబర్ నుంచి 2017 జనవరి దాకా టీవీఎన్ చానెల్లో వచ్చింది. అక్కడా ఒకే నియమం: హీరో గుండెల్లో కత్తి దిగి ఉంటుంది, పెళ్ళికూతురు మాత్రమే దాన్ని తీయగలదు, తీస్తే అతను చచ్చిపోతాడు. ప్రేమించిన అమ్మాయే చంపాలి. ఆ కత్తి 13వ ఎపిసోడ్ దాకా బయటికి రాదు. అన్ని గంటలూ మనం ఆ కత్తినే చూస్తూ కూర్చున్నాం, విసుగు రాలేదు. ఎందుకంటే వాళ్ళు దగ్గరయ్యే కొద్దీ ఆ నియమం బరువెక్కింది. తీశాక కూడా ఊరికే వదల్లేదు. అతను తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది, చివర్లో అమ్మాయి ప్రాణం పోయింది, మళ్ళీ పుట్టి వచ్చింది.

మై డీమన్‌లో నియమం వాళ్ళు దగ్గరయ్యే కొద్దీ తేలికైపోయింది. కృష్ణాతీరం గారి మాటకి నా ఓటు ఇక్కడే. పెళ్ళి చేసుకున్నారు, ఒకే ఇంట్లో ఉన్నారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి అందుతుంది. మరి పచ్చబొట్టు ఎవరి దగ్గరుంటే ఏంటి? అడ్డం లేని చోట కామెడీ లేదు. ఆ అడ్డం పోయిందని రాసినవాళ్ళకీ తెలిసింది, అందుకే బయటి నుంచి హంతకుణ్ణి తెచ్చారు.

పాతరీలు

గోబ్లిన్ దాకా ఎందుకండీ, మన జగదేక వీరుడు అతిలోక సుందరి చూడండి. 1990. ఇంద్రజ ఉంగరం మానస సరోవరం దగ్గర పోతుంది, అది రాజు చేతికి దొరుకుతుంది. ఉంగరం లేనిదే ఇంద్రలోకానికి తిరిగి వెళ్ళలేదు. అంతే నియమం. ఒక్క వాక్యం. పక్క ఊరి ముసలమ్మకి చెప్పినా అర్థమవుతుంది. ఆ ఉంగరం కోసమే ఆవిడ ఇంట్లో చేరుతుంది, ఆ ఉంగరం కోసమే నవ్వులు, ఆ ఉంగరం దగ్గరే ఏడుపు. దేవలోకం శక్తి ఒక వస్తువులో పెట్టి, ఆ వస్తువు మనిషి ఒంటి మీదకి చేరిస్తే ఎలా ఆడుకోవాలో మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు.

మై డీమన్ మొదటి ఎపిసోడ్ చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది, దేవకన్య బదులు దయ్యం, ఉంగరం బదులు పచ్చబొట్టు. అందుకే ఇంకా ఎక్కువ ఆశ పెట్టుకున్నాను.

రాత్రి_రెండింటికి

రెండున్నర గంటల సినిమాని పదహారు గంటల సీరియల్‌తో పోల్చడం ఏం న్యాయం? రెండున్నర గంటలు ఉంగరం మీద నడుస్తాయి. పదహారు గంటలు నడవ్వు.

పాతరీలు

సుబ్బు గారి కత్తి పదమూడు ఎపిసోడ్లు నడిచింది కదమ్మా, పైన చదవలేదా.

హలీం_ప్లేట్

దయ్యం బయో డేటా: జీతం లేదు, సెలవు లేదు, భార్య చెయ్యి పట్టుకుంటేనే ఉద్యోగం. మా ఇంటి దయ్యం కూడా ఇంతే.

నల్లమల_గాలి

నేను మీ అందరికీ వ్యతిరేకం. మీరంతా "చెయ్యి పట్టుకోవడం" చుట్టూ తిరుగుతున్నారు. అసలు కథ ఆత్మల ఒప్పందం.

మొదటి ఎపిసోడ్లలో ఒప్పందం సీన్లు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. బతుకు మీద ఆశ వదులుకున్న మనిషి ముందు కోటు వేసుకున్న అందగాడు ప్రత్యక్షమై సంతకం పెట్టమంటాడు. పదేళ్ళ సుఖం, తర్వాత నరకం. గూ వోన్‌కి అందులో ఏ బాధా లేదు. "వాళ్ళే కోరుకున్నారు, నేను బలవంతం చేయలేదు" అన్న ధీమా. హీరో ఇలాంటివాడు! ఇతన్ని మనం ప్రేమించాలంటే రెండే దార్లు. ఒకటి, అతను చేసే పని ఎంత ఘోరమో అతనికి తెలిసిరావాలి. రెండు, ఒప్పందం అంత చెడ్డది కాదని మనల్ని ఒప్పించాలి. సీరియల్ రెండూ చేయలేదు. దో హీ తల్లిదండ్రుల చావుకీ అతని పాత ఒప్పందానికీ ముడి ఉందని చెప్పినప్పుడు నేను లేచి కూర్చున్నాను. ఇప్పుడు రావాలి అసలు గొడవ! భర్త చేయించిన సంతకం తనని అనాథని చేసింది. ఏ పెళ్ళాం దాన్ని మింగుతుంది? వీళ్ళు కాసేపు కళ్ళనీళ్ళు పెట్టించి, కౌగిలింతతో ముగించేశారు.

నా దృష్టిలో అసలు నిరాశ అక్కడ. బోర్డ్ మీటింగులు ఫాస్ట్ ఫార్వర్డ్ చేసుకోవచ్చు. ఈ తప్పించుకోవడాన్ని ఎలా ఫార్వర్డ్ చేస్తాం?

ఓరుగల్లు_వసంత

ఇది నిజం. ఆ ముడి తెలిశాక ఒక పూర్తి ఎపిసోడ్ వాళ్ళిద్దరూ మాట్లాడుకోకుండా ఉన్నా నేను చూసేదాన్ని.

రాత్రి_రెండింటికి

నల్లమల గారు, ఇది కామెడీ అండీ. మన సినిమాల్లో యముడు పాటలు పాడి, ఐస్‌క్రీమ్ తిని, హీరో చేతిలో బోల్తా పడితే మనం చప్పట్లు కొట్టలేదా? ప్రాణాలు తీసేవాడు కదా అని ఎవరైనా లేచి ధర్మసందేహం అడిగారా? నరకం, దేవుడు, ఒప్పందం అన్నీ ఇక్కడ అలంకారాలు.

నల్లమల_గాలి

మన యముడు సినిమాలో నవ్వించేవాడు, నవ్వులపాలయ్యేవాడు. అతన్ని ప్రేమించమని మనల్ని ఎవరూ అడగలేదు. గూ వోన్‌ని ప్రేమించమన్నారు, అతని కోసం ఏడవమన్నారు. ఏడవమన్నప్పుడు కామెడీ గొడుగు కిందికి పారిపోవడం కుదరదు. పైగా గత జన్మ కథ పెట్టారు. జోసన్ కాలంలో ఇతను యీ సన్ అనే పెద్దింటి కుర్రాడు, ఆమె వోల్‌సిమ్ అనే నర్తకి. ఆమె కేథలిక్ మతం పుచ్చుకున్నందుకు చంపేస్తారు, ఇతను పగతో రగిలి దయ్యం అవుతాడు. కొరియాలో 1801లో కేథలిక్కుల్ని నిజంగానే ఊచకోత కోశారు. శిలువ పచ్చబొట్టు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. దేవుణ్ణి నమ్మినందుకు ప్రియురాలు చచ్చిపోతే దేవుడి మీద కోపంతో దయ్యమైన మనిషి! దీన్ని అలంకారం అంటే నేనొప్పుకోను. ఈ సీరియల్లో ఉన్న గట్టి కథ ఇదొక్కటే. దాన్ని చివర్లో గబగబా ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పి, "నా వల్ల నీకు ముప్పు, నీ మంచికే దూరమవుతున్నా" అనే అరిగిపోయిన విడిపోవడానికి వాడుకున్నారు.

కృష్ణాతీరం

నల్లమల గారు చెప్పింది నా వాదనకి వ్యతిరేకం కాదు, నా వాదనకే తోడు. శిలువ ఎక్కడిదో మనకి ముందే తెలిసి ఉంటే, ఆ గుర్తు ఆమె మణికట్టు మీదకి పోవడం ఎంత పెద్ద సంగతి! పోగొట్టుకున్నది ఆమెదే, ఆమె దగ్గరికే వెళ్ళింది. ప్రతిసారి ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు మనకి అది తెలిసి, వాళ్ళకి తెలియకుండా ఉండేది. రాసిన చోయ్ ఆ ఇల్‌కి ఈ పని కొత్త కాదు. మిస్టర్ క్వీన్ సీరియల్ రాసిన ఇద్దరిలో ఒకరు. మగవాడి ఆత్మ జోసన్ రాణి ఒంట్లో దూరితే ఏమవుతుందన్న ఒక్క ముడిని అక్కడ ఆఖరిదాకా లాగారు. ఆ చెయ్యే ఇక్కడ రాసిందంటే నాకు ఇంకా మంట.

రాత్రి_రెండింటికి

మీరు ఒప్పుకోరని తెలుసు, అయినా చెప్తాను. మీరంతా రాయాల్సిన సీరియల్ గురించి మాట్లాడుతున్నారు, నేను వచ్చిన సీరియల్ గురించి. వచ్చినదాంట్లో ఆమెని బతికించడానికి అతను కాలి బూడిదయ్యే సీన్ ఉంది. యూ జంగ్ అక్కడ అరవదు, ఊపిరి అందనట్టు చూస్తుంది. చిన్నప్పటి నుంచి నటిస్తున్న అమ్మాయి కదా, ఏడుపు ఎక్కడ ఆపాలో తెలుసు. ఆ ముఖం కోసం నేను పదిహేను ఎపిసోడ్ల బోర్డ్ మీటింగులు భరిస్తాను.

సబ్‌టైటిల్_సుబ్బు

ఆ సీన్ బాగుంది. తర్వాతి ఎపిసోడ్‌లో అతను తిరిగొచ్చేశాడుగా. గోబ్లిన్‌లో తిరిగి రావడానికి ఏళ్ళు పట్టిందని అందుకే అన్నాను. ఇక్కడ బూడిద ఆరేలోపే వచ్చేశాడు.

రాత్రి_రెండింటికి

తిరిగి రాకపోతే ఇదే చోట "రొమాంటిక్ కామెడీ అని చెప్పి ఏడిపించారు" అని ఇంకో చర్చ పెట్టేవారు.

ఓరుగల్లు_వసంత

అది మాత్రం నిజం చెల్లీ, నేనే పెట్టేదాన్ని.

సరే, ఒక్క విషయంలో ఎవరికీ గొడవ ఉండదనుకుంటా. గూ వోన్ దగ్గర పనిచేసే పార్క్ బోక్ గ్యూ, దో హీ సెక్రటరీ షిన్ డా జంగ్. నడివయసు జంట. వాళ్ళకి పచ్చబొట్టు లేదు, శాపం లేదు, గత జన్మ లేదు, సెకండ్ హాఫ్‌లో నన్ను నవ్వించింది వాళ్ళే.

హలీం_ప్లేట్

ఆయనకి బాస్ దయ్యం అని తెలిసీ ఉద్యోగం మానలేదు. ఈఎంఐలు ఉన్నాయేమో.

ఫ్రిస్కో_బాబాయ్

వాళ్ళిద్దరి మీద 12 ఎపిసోడ్లు తీస్తే మా ఆవిడతో కలిసి నేనూ చూస్తాను. 16 అంటే మాత్రం రాను.

కృష్ణాతీరం

బాబాయ్ 12 దగ్గర నుంచి కదలరు! రాత్రి_రెండింటికి గారూ, మీకొక ప్రశ్న మిగిలింది, మీరింకా జవాబు చెప్పలేదు. పచ్చబొట్టు అతని దగ్గరికి తిరిగొచ్చాక వచ్చిన ఎపిసోడ్లలో, ఆ టాంగో పక్కన పెట్టదగ్గ నవ్వు సీన్ ఒక్కటి చెప్పండి. ఏడుపు సీన్ కాదు, నవ్వు సీన్.

రాత్రి_రెండింటికి

ఆదివారం మళ్ళీ మొదటి నుంచి పెడుతున్నాను. చెప్తాను ఆగండి. వంట గదిలోది ఒకటి ఉన్నట్టు గుర్తు, అది తిరిగొచ్చాకో ముందో చూసుకోవాలి.